నల్గొండ అంటే ఒక బకెట్

మాస్కులు కుట్టుమని పంచాయతోళ్లు
తాను గుడ్డ తెచ్చి నా మిషిను మీద పడేసిన్నాడు
లోలోపల సంబురపడ్డ.
సిగ్గులేని మాటే, అయినా చెప్త:
లోకమంతా మూతి కట్టుకుంటే
బుద్ధెరిగిన సంది కొంగు అడ్డం పెట్టుకొని నవ్వే నాకు
రెండు చేతులూ ఖాళీ అయినయి.

మిద్దె మీది అర్రల హివోత్ ఉండె.
ఇథియోపియా పిల్ల. నీళ్ల మీద పీహెచ్‌డీ.
ఆర్నెల్లకని జనవరిల మర్రిగూడ బస్సు దిగింది,
బ్యాగుల బట్టలకన్న సీసాలే ఎక్కువ.
మా ఊరోళ్లు "ఈవత్తు" అన్నరు. దానికే పలికింది.

మా జిల్లా పేరు ఆమెకు చిన్నప్పుడే తెలుసట.
వాళ్ల దిక్కు బకెట్ల పటికా సున్నం ఏసి
కట్టెతోని తిప్పి
నీళ్లు తేరేదాకా కాచుకునే పనిని నల్గొండ అంటరట.
"మా అక్క పొద్దుగాల లేచి నల్గొండ చేసేది" అన్నది.
నయమైన ఊరు అనుకొని వచ్చింది పాపం.
ఎర్రరంగు పూసిన బోరింగు కాడ
మా చిన్నాయన కాళ్లు ఈడ్చుకుంట పోతుంటే చూసి
ఆ పూట ఏం రాసుకోలే.
నల్లాల కిష్ణ నీళ్లు వచ్చినయమ్మా అని చెప్పిన.
ఎముకలకు ఆ సంగతి ఇంకా తెల్వదని చెప్పలే.

మార్చిల ఇమానాలు బంద్, బస్సులు బంద్,
నల్గొండల లాబుకు తాళం.
నూటిరవై సీసాలు మా ఫ్రిజ్జుల, పెరుగు గిన్నె ఎనుక.
వాళ్ల సారు ఫోన్ల రోజూ పైలం పైలం అనేటోడు,
పైసలు ఎట్లున్నయని ఒక్కనాడు అడుగలే.

ఆశా వర్కరు వచ్చి తలుపుకు కాయితం అంటిచ్చింది.
తెల్లారి పెద్దమనుషులు.
"బయటి దేశపు మనిషి, పొలిమేర దాటియ్యాలె."
"యాడికి దాటిస్తరు? ఆకాశం గూడ మూసిండ్రు గద" అన్న.
ఎవ్వలు ఇనలే.
హివోత్ మెట్లు దిగింది.
తెలుగుల ఏమనాల్నో తోచక
దండం పెట్టబోయి
ముఖం కానరావాలె అనుకున్నదేమో
నేను కుట్టిన పూల మాస్కు గదుమ కిందికి గుంజి
నవ్వింది.

పండ్ల మీద గార.
నడుమ గోధుమ చార, అంచులకు సుద్ద తెలుపు.
నా నోట్ల ఉన్నదే.
గట్టిగ లొల్లి పెడుతున్న సర్పంచి పెంటయ్య నోట్ల ఉన్నదే.
సముద్రం అవుతల గూడ మా బోరే ఉన్నదా ఏంది?
పెంటయ్య సైకిలు స్టాండు తీసుకుంట
"ఆరడుగుల దూరం ఉండుండ్రి" అని మాత్రం అన్నడు.

మే నెల ఎండల ఫోనొచ్చింది.
ఆ అక్కే. దవాఖానల, తొమ్మిది దినాలకు.
ఏడిస్తే ఊపిరాడక మాస్కు తీసింది,
తీస్తే బుగులై మళ్ల పెట్టుకున్నది.
సావుకు వాళ్లు కాఫీ గింజలు ఏంచి దంచుతరట.
లాక్‌డౌన్ల కాఫీ గింజలు యాడ తేవాలె?
నాకు దొరికినయి చింతగింజలు.
మంగలంల ఏంచిన, రోట్ల నూరిన.
నల్లా ఇప్పబోతే వద్దన్నది.
బోరింగు నీళ్లే తెచ్చి
నా నీలం బకెట్ల పటిక ఏసింది, సున్నం ఏసింది,
కట్టె పట్టుకొని తిప్పుకుంట కూసున్నది.
తేరేదాకా ఇద్దరం ఏం మాట్లాడలే.
మూడు మార్లు పొయ్యాలెనట. పోసిన.
చేదు. మూడోది గూడ చేదే.

సెప్టెంబరుల పోయింది.
సీసాలు తీసుకపోనియ్యలే, అంకెలు తీసుకపోయింది.
ఒక సీసా ఫ్రిజ్జులనే మిగిలింది, కరెంటు పోయినప్పుడల్లా
దాని చెమట తుడుస్త.

ఇప్పుడు మాస్కులు ఎవ్వలు కుట్టిచ్చుకోరు.
కొంగు మళ్ల చేతిలకు వచ్చింది.
నవ్వొచ్చినప్పుడు
ఒక్కోమారు మరిచిపోత.